పానకంలో తేడా రెండే, తీపిలో తేడా ఎంత? – లెక్కల పుస్తకాలూ ప్రశ్నపత్రాలూ తయారుచేసేవాళ్లకి బహిరంగ లేఖ

గణితం పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకూ, ప్రశ్నపత్రాలూ వాటి ‘కీ’లూ తయారుచేసే పెద్దలకూ నమస్కారం.

నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. పందొమ్మిదేళ్లుగా ఆరు నుంచి పది దాకా చెబుతున్నాను. మీలో కొందరు నాతో పాటు ట్రైనింగుల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లే. ఆ చనువుతోనే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. అనుకున్నా పర్లేదు, చివరిదాకా చదివాక అనుకోండి.

ఈమధ్య ఒక పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఈ ప్రశ్న వచ్చింది: 4 కిలోల బియ్యం ధర 220 రూపాయలైతే 14 కిలోల ధర ఎంత? నాలుగు మార్కులు. ఒక పిల్ల ఇలా రాసింది, 4కి 220, 8కి 440, 12కి 660, 2కి 110, మొత్తం 770. అంతే. ఒక్క వాక్యం లేదు, ‘కావున’ లేదు. కీలో ఏమో ‘1 కిలో ధర = 220 ÷ 4’ అన్న స్టెప్పుకి రెండు మార్కులు, గుణకారానికి ఒకటి, జవాబుకి ఒకటి అని ఉంది. నా పక్కన దిద్దుతున్న మాస్టారు జవాబుకి ఒక్క మార్కు వేసి మిగతా మూడూ కొట్టేశారు. అదేంటండీ, లెక్క కరెక్టే కదా అంటే “కీలో లేదు కదా మేడమ్” అన్నారు. ఆయన్నీ అనలేం, ఆయన ముందు ఇంకా రెండు కట్టలున్నాయి.

ఆ మూడు మార్కుల గురించే ఈ ఉత్తరం. ఆ పిల్ల చేసిన పని చిన్నదేమీ కాదు. అక్కడిదాకా రావడానికి ఒక మనిషి బుర్రకి పదేళ్లకి పైగా పడుతుంది, మనం దాన్ని గుర్తుపట్టలేకపోతున్నాం. అంతకంటే పెద్ద ఇబ్బంది, దాన్ని దాటించేసి సూత్రం చేతిలో పెట్టేస్తున్నాం.

ఏటా ఒంటిపూట బడులు మొదలయ్యాక, శ్రీరామనవమి ముందు, ఆరో తరగతిలో నేనొక పని చేస్తాను. ఇంటి దగ్గర చిక్కగా బెల్లం నీళ్లు కలిపి సీసాలో తెస్తాను. రెండు గిన్నెలు. మొదటి దాంట్లో 1 కప్పు బెల్లం నీళ్లు, 3 కప్పుల మంచినీళ్లు. రెండో దాంట్లో 3 కప్పుల బెల్లం నీళ్లు, 5 కప్పుల మంచినీళ్లు. అన్నీ వాళ్ల కళ్ల ముందే పోస్తాను. రుచి చూడకముందు అడుగుతాను, ఏది తియ్యగా ఉంటుంది? ప్రతి ఏడూ సగానికి పైగా ఒకటే మాట: “రెండూ ఒకటే టీచర్. అక్కడా నీళ్లు రెండు కప్పులు ఎక్కువ, ఇక్కడా రెండు కప్పులే ఎక్కువ.” తర్వాత చెంచాతో తలా కాస్త పోస్తాను. రెండోది తియ్యగా ఉందని అందరికీ తెలిసిపోతుంది. అప్పుడు వాళ్లు లెక్క మార్చుకుంటారని అనుకునేదాన్ని మొదట్లో. ఒకడైతే చప్పరించి, గిన్నెలోకి తొంగి చూసి, చాలా సీరియస్‌గా “రెండో దాంట్లో మీరు ఇంకొంచెం బెల్లం వేశారు టీచర్, మేం చూడనప్పుడు” అన్నాడు. నాలుక తప్పన్నాడు, టీచర్ మోసం చేసిందన్నాడు, తీసివేత మాత్రం తప్పని ఒప్పుకోలేదు.

ఇది మా ఊరి పిల్లల తెలివితక్కువ కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కెనడాలో నోల్టింగ్ అనే ఆయన 6 నుంచి 16 ఏళ్ల పిల్లల ముందు నారింజ రసం కప్పులూ నీళ్ల కప్పులూ పెట్టి ఏ మిశ్రమంలో నారింజ రుచి ఎక్కువ అని అడిగి, ఏ వయసులో ఎలా ఆలోచిస్తున్నారో 1980లో రాశాడు. మరీ చిన్నవాళ్లు రసం కప్పులు మాత్రమే లెక్కపెడతారు, నీళ్లని పట్టించుకోరు. కాస్త పెద్దయ్యాక రసాన్నీ నీళ్లనీ పోలుస్తారు, అయితే తీసివేసి పోలుస్తారు. ‘ఒక కప్పు రసానికి ఎన్ని కప్పుల నీళ్లు’ అన్న చూపు ఆ తర్వాత ఎప్పటికో వస్తుంది, అదీ ముందు 1కి 2, 2కి 4 లాంటి తేలిక జతల్లో, చాలా ఏళ్లకి గానీ 3కి 5 లాంటివాటిలో కుదరదు. అంతకుముందే అమెరికాలో రాబర్ట్ కార్ప్లస్ అని, అసలు ఫిజిక్స్ ప్రొఫెసరు, పిల్లల ఆలోచన మీద పడి ఒక బొమ్మ లెక్క తయారుచేశాడు. పొట్టాయన, పొడుగాయన. బొత్తాలతో కొలిస్తే పొట్టాయన 4, పొడుగాయన 6. పేపర్ క్లిప్పులతో కొలిస్తే పొట్టాయన 6 వచ్చాడు, మరి పొడుగాయన ఎన్ని? తొమ్మిది రావాలి. బోలెడుమంది పిల్లలు ఎనిమిది అన్నారు, ‘రెండు ఎక్కువ’ కాబట్టి. ఇంగ్లండులో 1970ల్లో హైస్కూలు పిల్లల మీద పెద్ద సర్వే చేసిన కాథ్లీన్ హార్ట్ బృందానికి పద్నాలుగు, పదిహేనేళ్ల వాళ్లలో కూడా ఇదే కూడిక కనబడింది.

పిల్లల ఆలోచన ఏ వయసులో ఎలా ఎదుగుతుందో చెప్పిన పియాజే సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, మనందరం డీఎస్సీకి బట్టీ పట్టినవాళ్లమే. మూర్త ప్రచాలక దశ, అమూర్త ప్రచాలక దశ, బ్రాకెట్లో వయసులు. అనుపాతం (ఒకటి ఎన్ని రెట్లయితే రెండోదీ అన్ని రెట్లవడం) ఆ చివరి దశలో, పదకొండు పన్నెండేళ్లకి మొదలై పుంజుకుంటుందని ఆయనా, ఆయనతో పనిచేసిన ఇన్‌హెల్డరూ త్రాసు కర్రకి బరువులు తగిలింపజేసి చూసి చెప్పారు. బిట్టు పేపర్లో ఇది కరెక్టుగా టిక్కు పెట్టిన మనమే, పదకొండేళ్ల పిల్లాడి చేతికి ‘అంత్యాల లబ్ధం = మధ్యమాల లబ్ధం’ అన్న వాక్యాన్ని ఇచ్చి, పెట్టెలో పెట్టి, రంగు వేసి, దీన్ని గుర్తుంచుకో అంటున్నాం.

అలాగని పదకొండు దాకా పిల్లల బుర్ర ఖాళీ అని కూడా కాదు. పియాజే తర్వాత వచ్చినవాళ్లు చూపించింది ఇదే. 2007లో మెక్‌క్రింక్, విన్ అని ఇద్దరు, ఆరు నెలల పసివాళ్లకి రెండు రకాల వస్తువులు ఒకే నిష్పత్తిలో ఉన్న బొమ్మల్ని మళ్లీ మళ్లీ చూపించారు, పిల్లలకి విసుగొచ్చాక నిష్పత్తి మార్చి చూపిస్తే కళ్లు మళ్లీ అక్కడ ఆగాయి. ఇంకా కూర్చోవడం కూడా రాని పిల్లలు! నిష్పత్తి బాగా మారితేనే లెండి, కొద్దిగా మారితే కనిపెట్టలేదు. ఆరేళ్లు వచ్చేసరికి ‘సగం’ అన్నది పెద్ద ఆసరా అవుతుంది, సగం కంటే ఎక్కువా తక్కువా అన్న తేడా దొరికితే చాలా చిన్న పిల్లలు కూడా పోలిక సరిగ్గా చెబుతారని 1991లో స్పినిలో, బ్రయంట్ చూపించారు. మన ఇళ్లల్లో చూడండి, అన్నదమ్ములకి అరటిపండు సగం చేసి ఇస్తే ఎవడిది పెద్దదో నాలుగేళ్లవాడు స్కేలు లేకుండా చెప్పేస్తాడు.

మరి పుట్టుకతో ఉన్న చూపు ఆరో తరగతికి వచ్చేసరికి ఏమైపోతోంది? నాకు అన్నిటికంటే నచ్చిన ప్రయోగం ఇక్కడుంది. 2008లో బోయర్, లెవీన్, హుట్టెన్‌లాకర్ అని ముగ్గురు, రసం కొంత నీళ్లు కొంత ఉన్న నిలువు గొట్టాల బొమ్మలిచ్చి, దీనికి సరిపోయే మిశ్రమం ఏది అని చిన్న తరగతుల పిల్లల్ని అడిగారు. గొట్టం నున్నగా ఉంటే పిల్లలు చూపుతోనే బాగా చెప్పారు. అదే గొట్టం మీద అడ్డంగా గీతలు గీసి గళ్లు చేస్తే తప్పులు మొదలయ్యాయి, ఎందుకంటే గళ్లు కనబడగానే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేశారు, లెక్క ఎక్కడ కలిసిందో దాన్నే ఎంచుకున్నారు. అదే పిల్లలు, అదే రసం. మనం నేర్పిన లెక్కింపే అడ్డం వచ్చింది. ఇది చదివాక మన పాఠం మొదటి పేజీ తీసి చూశాను. మొదటి వాక్యం నుంచే అంకెలు.

ఇంకో అమ్మాయి గురించి చెప్పాలి. ఏడో తరగతి. వాళ్లమ్మ గుడి దగ్గర పూలు అమ్ముతుంది, సాయంత్రాలూ శుక్రవారాలూ ఈ పిల్ల కూడా కూర్చుంటుంది. స్లిప్ టెస్టులో ‘6 మీటర్ల గుడ్డ 240 రూపాయలైతే 10 మీటర్లు ఎంత?’ అని ఇస్తే 244 అని రాసింది. పిలిచి పేపరు పక్కన పెట్టి అడిగాను.

“ఆరు మూరల మల్లెపూలు రెండొందల నలభైకి అమ్మావే, పది మూరలు అడిగితే ఎంత చెబుతావ్?”

“మూర నలభై పడింది కదా టీచర్, పది మూరలు నాలుగొందలు.” ఆలోచించనే లేదు. తర్వాత కొంచెం ఆగి, “కానీ అంత చెప్పం టీచర్. పది మూరలు ఒకేసారి తీసుకుంటే మూడొందల అరవైకి ఇచ్చేస్తాం, లేకపోతే పక్కావిడ దగ్గరికి వెళ్లిపోతారు.”

ఈ రెండో మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పేపరు మీద అనుపాతం రాని పిల్లకి అనుపాతం ఎలా చెయ్యాలో తెలుసు, పైగా ఎక్కడ పనికిరాదో కూడా తెలుసు! మన అభ్యాసంలో ఉన్న పాతిక లెక్కల్లో ఈ రెండో సంగతి ఒక్కచోట కూడా లేదు.

బ్రెజిల్‌లో రెసిఫె అనే ఊళ్లో వీధుల్లో సరుకులు అమ్మే పిల్లల మీద నూనెస్, కరాహెర్, ష్లీమన్ 1985లో అచ్చేసిన వ్యాసంలో పన్నెండేళ్ల కొబ్బరికాయల కుర్రాడొకడున్నాడు. కాయ 35 క్రూజేరోలు. పది కాయలంటే, మూడు 105, ఇంకో మూడు కలిపితే 210, ఇంకా నాలుగు కావాలి, 315, అంటే 350 అన్నాడు. మన బియ్యం పిల్ల రాసినట్టే లేదూ? 4, 8, 12, తర్వాత 2! అదే కుర్రాడికి కాగితం మీద 35 × 4 ఇస్తే 200 అని రాశాడు. అంతకుముందే నాలుగు కాయల ధర 140 అని నోటితో కరెక్టుగా చెప్పి ఉన్నాడు. మన దేశంలోనే కలకత్తా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్ల బృందం చేసిన పరిశోధన 2025లో వచ్చింది, అక్కడా ఇంతే, బేరం దగ్గర చకచకా లెక్క తేల్చే పిల్లలు బడి లెక్క ముందు ఆగిపోయారు. బడి పిల్లల సంగతి అంతకంటే బాలేదు, పుస్తకం లెక్క చెయ్యగలిగినవాళ్లు బజారు లెక్క ముందు తడబడ్డారు.

ఇక మీరు నిజంగా టెన్షన్ పడాల్సిన విషయం. కూడికతో తప్పులు చేసే పిల్లాడికి మనం అడ్డ గుణకారం (అదే, అంత్యాలూ మధ్యమాలూ సూత్రం) నేర్పేశాం అనుకుందాం. వాడు బాగుపడ్డాడా? బెల్జియంలో వాన్ డోరెన్, డి బాక్, వెర్షాఫెల్ వాళ్లు 2 నుంచి 8వ తరగతి వరకు పిల్లలకి అనుపాతం కాని లెక్కలు ఇచ్చి చూశారు. ఆరేసిన తువ్వాళ్లు ఇన్ని గంటల్లో ఆరితే, రెట్టింపు తువ్వాళ్లు ఆరేస్తే ఎంతసేపు పడుతుంది, ఈ రకం. అనుపాతం వేసెయ్యడం అనే తప్పు చిన్న తరగతుల్లో తక్కువ. పై తరగతికి వెళ్లేకొద్దీ పెరిగింది, అయిదో తరగతి దగ్గర బాగా ముదిరి, అప్పుడు మెల్లగా తగ్గడం మొదలైంది, ఎనిమిదిలో కూడా పోలేదు. అంటే చదువు చెప్పినకొద్దీ తప్పు పెరిగింది!

నమ్మకం కలగకపోతే మీ ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్లలుంటే ఇప్పుడే అడగండి. అక్కకి 12 ఏళ్లప్పుడు తమ్ముడికి 6, అక్కకి 24 వచ్చేసరికి తమ్ముడికి ఎంత? మా క్లాసులో నలభై మందిలో పదకొండు మంది 12 అన్నారు, అందులో ముగ్గురు ఫస్ట్ బెంచీ వాళ్లు. ఇక్కడ కూడిక కావాలి, వాళ్లు గుణించారు. పానకం దగ్గర గుణకారం కావాలి, అక్కడ కూడారు. ఎప్పుడు ఏది అన్నదే అసలు పాఠం, ఆ పాఠం మన పుస్తకంలో ఏ యూనిట్‌లోనూ లేదు. అనులోమానుపాతం అధ్యాయంలో ఉన్నవన్నీ అనులోమానుపాతం లెక్కలే అయినప్పుడు పిల్లాడు ప్రశ్న చదవడం ఎందుకు? మూడు అంకెలు ఏరుకుని అడ్డంగా గుణిస్తే చాలు. చదవరు కూడా. నేను ఒకసారి ప్రశ్నలో మాటలన్నీ తీసేసి అంకెలే ఇచ్చాను, ఒక్కరంటే ఒక్కరు కూడా అడగలేదు టీచర్ ఇవి దేనివని.

మన పాతవాళ్లు ఈ విషయంలో మనకంటే జాగ్రత్త. మూడు తెలిస్తే నాలుగోది కనుక్కునే త్రైరాశికం మనకి కొత్తదేం కాదు, 499 నాటికే ఆర్యభటుడు ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగించమని చెప్పేశాడు, పదకొండో శతాబ్దిలో పావులూరి మల్లన మహావీరాచార్యుడనే గణితజ్ఞుడి గణితాన్ని తెలుగులో పద్యాలు చేశాడు. ఆ పేర్లు చూడండి, ప్రమాణం, ఫలం, ఇచ్ఛ. ఏది తెలిసినది, ఏది దాని ఫలితం, ఏది మనకు కావలసినది అని ముందు మూడిటికీ పేరు పెట్టుకోవాలి, ఏది ఏ జాతిదో చూసుకోవాలి, ఒకటి పెరిగితే రెండోది తగ్గేవాటికి వ్యస్త త్రైరాశికం అని వేరే గది కట్టారు. మనం పేర్లు తీసేసి x మిగిల్చాం. సరే, పాత గొప్పలు చాలు.

ఏం చెయ్యొచ్చో కూడా చెబుతాను, ఉత్త ఫిర్యాదులు నాకూ నచ్చవు. ఫ్రాన్సులో గి బ్రూసో అనే ఆయన చేయించిన పజిల్ ఒకటుంది, దాన్ని నాలుగేళ్లుగా పాత క్యాలెండర్ అట్టలతో చేయిస్తున్నాను. ముక్కలతో ఒక చతురస్రం, 4 సెంటీమీటర్లున్న భుజం పెద్ద బొమ్మలో 6 కావాలి, గ్రూపులో తలా ఒక ముక్క కత్తిరించాలి (ఆయన 7 చేయమన్నాడు, నేను 6తో మొదలుపెడతాను). అందరూ రెండేసి కలుపుతారు. చిన్న బొమ్మలో 2, 6 భుజాలు పక్కపక్కన పెడితే కింద ఉన్న 8తో సరిగ్గా సరిపోతాయి. కొత్తవి 4, 8 అయ్యాయి, కలిపితే 12, కింద ముక్క 10. రెండు సెంటీమీటర్లు బయటికి తన్నుకొచ్చింది. ముందు ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటారు, నువ్వు స్కేలు సరిగ్గా పెట్టలేదురా అని. మళ్లీ కొలుస్తారు, మళ్లీ కత్తిరిస్తారు, మళ్లీ అంతే. ఇరవై నిమిషాల రభస తర్వాత ఎవరో ఒకరు, చాలాసార్లు అసలు నోరు విప్పని పిల్లే, “రెండుకి ఒకటి కలపాలేమో, నాలుగుకి రెండు కలిపాం కదా” అంటుంది. ఆ ‘ఏమో’ కోసం నేను పీరియడ్ మొత్తం ఇచ్చేస్తాను. సిలబస్ వెనకబడుతుంది, నిజమే, ఆ నెల రిపోర్టులో నాకు మాటొస్తుంది కూడా.

కాబట్టి నేను అడిగేవి పెద్దవేం కాదు. ఆరో తరగతి పాఠంలో అంకెలు రాకముందు రెండు పేజీలు కళ్లకీ నాలుకకీ ఇవ్వండి, పానకమో మజ్జిగో రంగునీళ్లో మీ ఇష్టం. సగం, రెట్టింపు, మళ్లీ రెట్టింపు అని పోగేసుకుంటూ వెళ్లే పద్ధతిని ఏకవస్తు పద్ధతి (ముందు ఒక్కదాని ధర కట్టడం) పక్కన అచ్చు వేయండి, బియ్యం పిల్ల రాసినట్టే. అడ్డ గుణకారాన్ని కనీసం ఒక ఏడాది వెనక్కి జరపండి. ఆరులో లేకపోతే ఆకాశం ఊడిపడదు. ప్రతి అభ్యాసంలోనూ అనుపాతం కాని లెక్కలు మూడో నాలుగో కలిపేయండి, ‘పై సూత్రం పనికిరాదు’ అని హింటు మాత్రం ఇవ్వకండి. కీలో ‘సరైన ఏ పద్ధతికైనా పూర్తి మార్కులు’ అన్న ఒక్క లైను రాయండి. దిద్దే మాస్టారికి ఆ లైను ధైర్యం.

బట్టల లెక్క పెట్టాలనుకుంటే ఒక చిన్న జాగ్రత్త. పోయిన ఏడు ఏడో తరగతిలో అడిగాను, మూడు చీరలు రెండు గంటల్లో ఆరాయి, తొమ్మిది చీరలు ఆరేస్తే ఎంతసేపు? అందరూ ఆరు గంటలు అని అరుస్తుంటే వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, “దండెం చాలినంత ఉంటే రెండు గంటలే టీచర్. మా ఇంట్లో చాలదు, మా అమ్మ మూడు విడతలుగా ఆరేస్తుంది, అప్పుడు ఆరు” అన్నాడు. కీ తయారుచేసేటప్పుడు రెండు జవాబులకీ మార్కులు ఉండేలా చూడండి.

ఇట్లు,
ఆరు నుంచి పది దాకా లెక్కలు చెప్పే ఒక టీచర్